మేడ ఉమ్మడిది, మీటరు ఎవరిది వారిదే: అపార్టుమెంట్లలో సోలార్ ఎక్కడ ఆగుతోంది?

సంక్షిప్తంగా: తక్కువ, మధ్య ఆదాయ కుటుంబాలుండే అపార్టుమెంట్లలో సోలార్‌కు ప్యానెళ్ల ధర కన్నా మీటర్ల అమరికే పెద్ద అడ్డంకి. లిఫ్టు, మోటార్ల బిల్లు వచ్చే కామన్ మీటరు దగ్గర లెక్క తొందరగా కుదురుతుంది. ఫ్లాట్ల మీటర్ల దాకా వెళ్లేసరికి చిక్కుపడుతుంది. ఉచిత కరెంటు అందే పేద కుటుంబాలకు ఆ లెక్కే పనిచేయదు. అక్కడ ప్రోత్సాహకం ఏ దారిలో వస్తోందన్నది చూడాలి. హైదరాబాద్, ఢిల్లీ, న్యూయార్క్ అనుభవాలను పక్కపక్కన పెడితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

78 వేల రాయితీ ఎవరికి?

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్య ఘర్ పథకాన్ని ప్రకటించింది. కోటి ఇళ్ల పైకప్పులపై సోలార్, రూ.75,021 కోట్ల వ్యయం అన్నది లక్ష్యం. ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు, వెరసి గరిష్ఠంగా రూ.78 వేల రాయితీ ఇస్తారు. ఈ 78 వేల సంఖ్య బాగా ప్రచారమైంది. ప్రచార చిత్రాల్లో కనిపించేది మాత్రం దాదాపు ఎప్పుడూ సొంత డాబా ఉన్న ఇల్లే.

నగరంలో లక్షల కుటుంబాలకు సొంత డాబా లేదు. ఫ్లాటు కొన్నవారి దస్తావేజులో ఫ్లాటుతో పాటు స్థలంలో విడదీయని వాటా ఉంటుంది. మెట్లు, వరండాలు, పైకప్పు ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ఆధారంగానే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ సంబంధం నడుస్తోంది. కాబట్టి మూడో అంతస్తులోని కుటుంబం మేడ మీద తన కోసం మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టుకోవాలంటే మిగతా అందరి ఒప్పుదలా కావాలి. ఒకరికి ఒప్పుకుంటే రేపు ఇరవై మందీ అడుగుతారు, ఇరవై మందికీ చోటు చాలదు. చాలా భవనాల్లో చర్చ ఇక్కడికి రాగానే ముగిసిపోతుంది.

పథకంలో సంఘాలకు వేరే దారి ఉంది, దాని గురించి తెలిసినవారు తక్కువ. హౌసింగ్ సొసైటీలు, నివాసుల సంక్షేమ సంఘాలు తమ ఉమ్మడి అవసరాల కోసం సోలార్ పెట్టుకుంటే కిలోవాట్‌కు రూ.18 వేల రాయితీ వస్తుంది. ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్ కూడా ఉమ్మడి అవసరం కిందికే వస్తుంది. ఇంటికి మూడు కిలోవాట్ల లెక్కన గరిష్ఠంగా 500 కిలోవాట్ల వరకు అనుమతి. నివాసులు విడిగా పెట్టుకున్నవి ఉంటే అవీ ఈ పరిమితిలోనే కలుస్తాయి. 20 ఫ్లాట్ల భవనానికి పరిమితి 60 కిలోవాట్లు అవుతుంది. అంత చోటు ఆ మేడ మీద ఉండదు కాబట్టి, ఈ పరిమితి అడ్డు కాదు.

పది రూపాయల యూనిట్లు ముందు

సోలార్ ఎంత మిగులుస్తుందన్నది ఎండ కన్నా ముందు శ్లాబును బట్టి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో అమల్లోకి వచ్చిన గృహ విద్యుత్ ధరల ప్రకారం, నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200కు యూనిట్ రూ.5.10, ఆపై 300 దాకా రూ.7.70, 400 దాకా రూ.9, 800 దాకా రూ.9.50, ఆపైన రూ.10. భవనంలో సగానికి తక్కువ కాకుండా నివాసాలు ఉంటే లిఫ్టు, మోటారు, వరండా లైట్ల కామన్ మీటరును కూడా గృహ కేటగిరీలోనే లెక్కిస్తారు. ఇరవై కుటుంబాల ఉమ్మడి వాడకం ఒకే మీటరు మీద పడుతుంది. అందువల్ల లోపల ఫ్లాట్లలో ఎంత పొదుపుగా వాడుకున్నా, కామన్ మీటరు మాత్రం పై శ్లాబులకు ఎక్కి కూర్చుంటుంది.

ఉదాహరణకు కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కనిపించే మామూలు అపార్టుమెంటును ఊహించుకుందాం. ఐదంతస్తులు, 20 ఫ్లాట్లు, ఒక లిఫ్టు, బోరు, సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు. కామన్ మీటరు నెలకు 1,200 యూనిట్లు తిరుగుతుందనుకుంటే, మొదటి 200కు రూ.1,020, తర్వాతి వందకు 770, ఆ తర్వాతి వందకు 900, పై నాలుగు వందలకు 3,800, చివరి నాలుగు వందలకు 4,000. కలిపితే రూ.10,490. ఫిక్స్‌డ్ చార్జీలు, విద్యుత్ సుంకం దీనికి అదనం.

హైదరాబాద్ ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తాయి. ఆరు కిలోవాట్లు పెడితే నెలకు సుమారు 720 యూనిట్లు. నెట్ మీటరింగ్‌లో ఈ యూనిట్లు మొత్తం వాడకంలోంచి తీసేస్తారు కాబట్టి ముందు కరిగేది ఖరీదైన పై శ్లాబే. రూ.10 యూనిట్లు 400, రూ.9.50 యూనిట్లు 320 పోయి, నెలకు రూ.7,040 తగ్గుతుంది. అంటే ఒక్కో సోలార్ యూనిట్ విలువ రూ.9.78.

కేంద్రం రాయితీ లెక్కకు తీసుకున్న ప్రామాణిక ధర కిలోవాట్‌కు రూ.45–50 వేలు. ప్యానెళ్ల కింద మనుషులు తిరిగేలా ఎత్తు స్తంభాల మీద అమరిస్తే ఖర్చు పెరుగుతుంది. రూ.55 వేలు అనుకుందాం. ఆరు కిలోవాట్లకు రూ.3.30 లక్షలు, రాయితీ రూ.1.08 లక్షలు పోను రూ.2.22 లక్షలు. ఫ్లాటుకు రూ.11,100. ఏడాదికి తగ్గే బిల్లు రూ.84 వేల పైచిలుకు కాబట్టి, రెండేళ్ల ఎనిమిది నెలల్లో పెట్టుబడి తిరిగివస్తుంది. ప్యానెళ్ల పనితీరుకు కంపెనీలు సాధారణంగా 25 ఏళ్ల హామీ ఇస్తాయి. ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు.

ఇదే భవనం మరో నాలుగు కిలోవాట్లు కలిపి పది చేస్తే, అదనంగా వచ్చే 480 యూనిట్లు కింది శ్లాబులను కరిగిస్తాయి. వాటి విలువ నెలకు రూ.3,450, అంటే యూనిట్‌కు రూ.7.19. ఆ నాలుగు కిలోవాట్ల ఖర్చు తిరిగి రావడానికి మూడేళ్ల ఏడు నెలలు పడుతుంది. ఇది కూడా మంచి లెక్కే. పది దాటాక మాత్రం వాడుకోగా మిగిలిన కరెంటుకు డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) తన సగటు కొనుగోలు ధర చొప్పునే చెల్లిస్తుంది. ఆ ధర పై శ్లాబు ధర కన్నా చాలా తక్కువ. ‘ఎంత ఎక్కువ పెడితే అంత లాభం’ అనే అమ్మకందారు మాట ఇక్కడి నుంచి నిజం కాదు. కామన్ మీటరు పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని, ఆ వాడకానికి సరిపడా పెట్టుకోవడమే లాభసాటి.

దీంతో పోలిస్తే నెలకు 180 యూనిట్లు వాడే ఫ్లాటు బిల్లు వేరుగా ఉంటుంది. మొదటి వంద యూనిట్లకు రూ.3.40, తర్వాతి 80కి రూ.4.80 లెక్కన రూ.724. అదే మేడ, అదే ఎండ, అదే ప్యానెల్. కామన్ మీటరుకు కలిపితే యూనిట్ విలువ పది రూపాయలకు దగ్గర, చిన్న ఫ్లాటు మీటరుకు కలిపితే అందులో సగం కూడా రాదు.

అంతస్తులు పెరిగేకొద్దీ వాటా తగ్గుతుంది

మేడ మీద ఒక కిలోవాట్‌కు, ప్యానెళ్ల మధ్య ఖాళీలతో కలిపి, సుమారు వంద చదరపు అడుగులు కావాలి. అంతస్తుకు వెయ్యి అడుగుల ఫ్లాట్లు నాలుగున్న భవనానికి మేడ నాలుగు వేల చదరపు అడుగుల పైన ఉంటుంది. అందులో ట్యాంకులు, లిఫ్టు గది, మెట్ల గది, వాటి నీడ, డిష్‌లు, బట్టలారేసే తీగలు పోగా సగం మిగిలిందనుకున్నా 20 కిలోవాట్లు వస్తాయి. కామన్ మీటరుకు అది ఎక్కువే. ఫ్లాట్లకు పంచితే తలా ఒక్క కిలోవాట్.

ముప్పై అంతస్తుల టవరులో ఈ వాటా దాదాపు శూన్యం. కాబట్టి ఒక్కో కుటుంబానికి దక్కే పైకప్పు పరంగా, నాలుగైదు అంతస్తుల మధ్యతరగతి భవనాలు ఖరీదైన గేటెడ్ టవర్ల కన్నా మెరుగైన స్థితిలో ఉన్నాయి. పక్కనే కొత్తగా ఎత్తు భవనం లేస్తే మాత్రం నీడ పడుతుంది. సోలార్ కోసం పొరుగువారి నిర్మాణాన్ని ఆపే వీలు ఉండదు కాబట్టి, చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లు ఏ దిక్కున ఉన్నాయో చూసుకోవడం ముందే చేయాల్సిన పని.

ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో లెక్క ఇంకా బిగుతుగా ఉంటుంది. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభమైన డబుల్ బెడ్‌రూం కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు ఉన్నాయి. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు, బ్లాకులు తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. అంతస్తులతో భాగిస్తే ఒక్కో ఇంటి వంతుకు వచ్చే పైకప్పు సుమారు 50 చదరపు అడుగులు. వాడుకోగలిగింది అందులో సగమైతే పావు కిలోవాట్, నెలకు 30 యూనిట్లు. దీన్ని ఇళ్లకు పంచడంలో పెద్ద అర్థం లేదు. కానీ బ్లాకుకు సగటున 134 ఇళ్లు కాబట్టి మొత్తం కలిపితే 30 కిలోవాట్ల పైన అవుతుంది. లిఫ్టులకు, నీళ్లెక్కించే మోటార్లకు అది పెద్ద ఆసరా. పది అంతస్తుల భవనంలో లిఫ్టు ఆగిందంటే పైఅంతస్తుల వృద్ధులు, రోగులు ఇంట్లో బందీలైనట్టే. అందువల్ల ఇలాంటి కాలనీల్లో సోలార్‌ను ‘ఇంటి బిల్లు తగ్గింపు’గా కాక ‘లిఫ్టు నడిచే హామీ’గా చూడటం సరైన లెక్క.

ఒక ప్లాంటు, ఇరవై బిల్లులు

మిగులు కరెంటును ఫ్లాట్లకు పంచే పద్ధతి ఒకటుంది: వర్చువల్ నెట్ మీటరింగ్. మేడ మీద ఒకే ప్లాంటు, దానికి ఒకే ఉత్పత్తి మీటరు ఉంటాయి. కరెంటు మొత్తం గ్రిడ్‌లోకి వెళ్తుంది. ముందే రాసుకున్న వాటాల ప్రకారం డిస్కమ్ ఆ యూనిట్లను సభ్యుల బిల్లుల్లో జమ చేస్తుంది. ప్యానెళ్ల నుంచి ఏ ఫ్లాటుకూ ప్రత్యేకంగా తీగ లాగనక్కర్లేదు. పంపకం అంతా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. వాటా తీసుకునే ఇంటికి పైకప్పు కూడా అవసరం లేదు.

ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. అది ఢిల్లీలో ముందుగా రావడానికి నేపథ్యం ఉంది. ద్వారక, రోహిణి, పట్‌పర్‌గంజ్ వంటి చోట్ల ఉద్యోగులు, మధ్యతరగతి వారు సహకార గ్రూప్ హౌసింగ్ సొసైటీలుగా ఏర్పడి కట్టుకున్న భవనాలు వందల్లో ఉన్నాయి. మన దగ్గర అపార్టుమెంటు అంటే బిల్డరు కట్టి అమ్మింది, ఆ తర్వాత ఏర్పడింది అసోసియేషన్. అక్కడ సొసైటీ ముందు, భవనం తర్వాత. కలిసి డబ్బు వేసుకోవడం, ఓటు వేసి తీర్మానించడం ఆ సొసైటీలకు మొదటి నుంచీ అలవాటు.

నెట్ మీటరింగ్ నిబంధనలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర నియంత్రణ మండలివే. కేంద్రం 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నియమాలను సవరించి, పది కిలోవాట్ల వరకు ఉన్న ప్లాంట్లకు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలనను తీసేసింది. అంతకు మించితే డిస్కమ్ 15 రోజుల్లో తేల్చాలి. గడువు దాటితే ఆమోదించినట్టే. పై ఉదాహరణలోని 20 ఫ్లాట్ల భవనానికి సరిపోయేది పది కిలోవాట్లే కాబట్టి ఈ సవరణ అలాంటి చిన్న భవనాలకే ఎక్కువ మేలు చేస్తుంది.

సున్నా బిల్లులో తగ్గేదేముంది?

తెలంగాణలో 2024 ఫిబ్రవరి చివర్లో మొదలైన గృహజ్యోతి కింద, తెల్ల రేషన్ కార్డు ఉన్న అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఇది పేదలకు నిజమైన ఊరట. అయితే సోలార్ కోణంలో దీని ప్రభావం మరో రకంగా ఉంటుంది. బిల్లే లేని ఇంటికి బిల్లు తగ్గించే యంత్రం ఎందుకు? ఆ ఇంటి మీద సోలార్ పెడితే మిగిలేది ప్రభుత్వం డిస్కమ్‌కు కట్టే సొమ్ము. లాభం ఖజానాది, పెట్టుబడి కుటుంబానిది అయితే ఎవరూ ముందుకు రారు. రాకపోవడం తప్పు కూడా కాదు.

అచ్చంగా ఇలాంటి ముడి అమెరికాలో మరో రూపంలో కనిపిస్తుంది. 1970లలో న్యూయార్క్‌లో యజమానులు వదిలేసిన వేల భవనాలు పన్ను బకాయిల కింద నగరం చేతికి వచ్చాయి. వాటిలో కొన్నింటిని నగరం అందులోని అద్దెదారులకే ఫ్లాటు 250 డాలర్లకు అమ్మింది. హెచ్‌డీఎఫ్‌సీ (హౌసింగ్ డెవలప్‌మెంట్ ఫండ్ కార్పొరేషన్) కో-ఆప్‌లుగా పిలిచే ఇలాంటి సహకార భవనాలు నగరంలో వెయ్యికి పైగా ఉన్నాయి. కొనేవారి ఆదాయానికి పరిమితి ఉంటుంది. నివాసికి ఫ్లాటు మీద హక్కుపత్రం ఉండదు, భవనం సంస్థలో షేర్లు ఉంటాయి. పైకప్పుకూ కామన్ మీటరుకూ ఒకే సంస్థ యజమాని కాబట్టి, ఉమ్మడి మేడ తగాదా అక్కడ సగం తీరినట్టే.

ఆ భవనాలకు చిక్కు పన్ను దగ్గర వచ్చింది. సోలార్ పెట్టిన భవనానికి న్యూయార్క్ నగరం ఖర్చులో 30 శాతాన్ని నాలుగేళ్లలో ఆస్తిపన్నులోంచి తగ్గిస్తుంది. తగ్గింపు ఆ ఏడాది కట్టాల్సిన పన్నును మించకూడదు. చౌక ఇళ్లు కావడంతో ఈ కో-ఆప్‌లలో చాలావాటికి ఆస్తిపన్ను ఇప్పటికే తక్కువ. ఇక అమెరికా కేంద్ర ప్రభుత్వం కుటుంబాలకు 30 శాతం ఇచ్చిన ఫెడరల్ క్రెడిట్ (పన్ను రాయితీ) ఆదాయపు పన్నులోంచి తీసేది. పన్ను తక్కువ కట్టే కుటుంబానికి అందులో దక్కేదీ తక్కువే. 2025 జులైలో వచ్చిన చట్టంతో ఆ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో ఆగిపోయింది.

న్యూయార్క్‌లో పన్ను దారిలో, హైదరాబాద్‌లో బిల్లు దారిలో ప్రోత్సాహకం వస్తోంది. పేద కుటుంబానికి ఆ దారిలో అప్పటికే మినహాయింపు ఉంది. ఫలితంగా ప్రోత్సాహకం ఎవరి గడప దాకా రావాలో వారి గడప దాకా రాదు.

దీనికి ఢిల్లీ వెతికిన పరిష్కారం గమనించదగింది. అక్కడా 2019 నుంచి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. 2024లో అమల్లోకి తెచ్చిన సోలార్ విధానంలో బిల్లు తగ్గింపుతో సంబంధం లేకుండా, ఉత్పత్తి అయిన ప్రతి యూనిట్‌కూ ప్రోత్సాహకం పెట్టారు. మూడు కిలోవాట్ల వరకు యూనిట్‌కు రూ.3, గ్రూప్ హౌసింగ్ సొసైటీలకు రూ.2, ఐదేళ్ల పాటు. సున్నా బిల్లు ఇంటికి కూడా ఇందులో ఎంతో కొంత చేతికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ మరో దారి తీసుకుంది. ఉచిత కరెంటు పొందే ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పైకప్పులపై ప్రభుత్వమే రెండు కిలోవాట్ల ప్లాంట్లు ఉచితంగా పెట్టించే కార్యక్రమం చేపట్టింది. మిగులు ఖజానాకు చేరేటప్పుడు పెట్టుబడీ ఖజానా నుంచే రావాలన్నది దీనిలోని తర్కం. ఇది సూటిగా ఉంది. కొల్లూరు వంటి బ్లాకులకు ఈ తర్కాన్ని వర్తింపజేసి, ఇళ్ల మీటర్లను వదిలి లిఫ్టుల మీటర్లకు కలిపితే ఖర్చు తక్కువలో ఎక్కువమందికి ఉపయోగం.

కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా?

నడవదు. బ్యాటరీ లేని, గ్రిడ్‌కు కలిపిన ప్లాంటు కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది. ఆగకపోతే మేడ మీది కరెంటు తీగల్లోకి వెళ్లి, స్తంభమెక్కి పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి సోలార్ వచ్చిందని జనరేటర్ తీసేయకూడదు. సంఘాల సమావేశాల్లో ఎక్కువ నిరాశ పుట్టించే విషయం ఇదే. డబ్బు వసూలు చేశాక తెలిస్తే తగాదా అవుతుంది.

మేడ మీది కరెంటు గ్రిడ్‌లోకి వెళ్తుందన్న భయానికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో 519 ఈస్ట్ 11వ వీధి భవనాన్ని అద్దెదారులు తమ చేతులతో బాగుచేసుకుని, మేడ మీద నీళ్లు వేడిచేసే సౌర ఫలకాలు, 1976లో రెండు కిలోవాట్ల గాలిమర పెట్టారు. మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి పోతుంటే విద్యుత్ సంస్థ కాన్ ఎడిసన్ అభ్యంతరం చెప్పింది. రాష్ట్ర నియంత్రణ సంస్థ చివరికి నివాసుల పక్షాన నిలిచింది. 1978లో అమెరికా చట్టం చిన్న ఉత్పత్తిదారుల కరెంటును విద్యుత్ సంస్థలు కొనాల్సిందేనని చెప్పింది. నగర మేడ మీది కరెంటుకు గ్రిడ్‌లో చోటు అడిగిన తొలివారిలో పేదల సహకార భవనం ఒకటి ఉందన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

సంఘం కూర్చున్న రోజు

సాంకేతికత కన్నా ఎక్కువ సమయం తినేది సంఘంలో ఒప్పందం. పైఅంతస్తు వారికి స్లాబులో చెమ్మ దిగుతుందన్న భయం ఉంటుంది. అది అర్థం లేని భయం కాదు. స్లాబుకు బోల్టులు దించకుండా సిమెంటు దిమ్మెల మీద స్తంభాలు నిలపాలి, ముందుగా వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. ప్యానెళ్లు పెట్టాక వాటి కింద మరమ్మతు చేయడం చాలా కష్టం. మే నెల ఈదురుగాలులకు హైదరాబాద్‌లోనూ రేకులు లేచిపోతాయి. 2014లో హుద్‌హుద్ చూసిన విశాఖలోనైతే గాలి ఒత్తిడి లెక్క లేకుండా ఎత్తు స్తంభాల స్ట్రక్చర్‌కు ఒప్పుకోకూడదు.

న్యూయార్క్‌లో అగ్నిమాపక సిబ్బంది కోసం మేడ మీద ఆరడుగుల దారి వదలాలన్న నిబంధన ఉంది. మన దగ్గర ఆ దారి అవసరం ట్యాంకు కడిగేవారికీ, వడియాలు ఆరబెట్టుకునేవారికీ కూడా. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తున అమరిస్తే కింద నీడ దొరుకుతుంది, మేడ వాడకం పోదు. ప్యానెళ్లు కడగడానికి బోరు నీళ్లు వాడితే మాత్రం ఉప్పు తెట్టు కట్టి ఉత్పత్తి పడిపోతుంది.

డబ్బు విషయంలో అద్దెకున్నవారు యజమాని కట్టాలంటారు, ఊళ్లో లేని యజమాని అద్దెదారుకే కదా లాభం అంటాడు. కామన్ బిల్లు మెయింటెనెన్స్‌లో కలిసి ఉంటుంది కాబట్టి ఈ వాదనకు ఒక మధ్యేమార్గం ఉంది. ముందు కొంత కార్పస్ నిధి (సంఘం దాచి ఉంచుకున్న ఉమ్మడి సొమ్ము) నుంచి తీసి, మెయింటెనెన్స్ తగ్గించకుండా అలాగే వసూలు చేస్తూ, మిగిలిన బిల్లు సొమ్ముతో నిధిని తిరిగి నింపడం. పై ఉదాహరణలో అది మూడేళ్ల లోపు పూర్తవుతుంది. ఆ తర్వాతే మెయింటెనెన్స్ తగ్గించాలి. కార్పస్ లేని భవనాలకు ఇది కుదరదు. తాకట్టుకు సొంత ఆస్తి లేని సంఘానికి బ్యాంకు అప్పు పుట్టడమూ తేలిక కాదు. కంపెనీయే పెట్టుబడి పెట్టి యూనిట్ల చొప్పున డబ్బు తీసుకునే రెస్కో పద్ధతి ఉంది కానీ, ఆరు, పది కిలోవాట్ల భవనం కోసం పాతికేళ్ల ఒప్పందానికి కంపెనీలు ఆసక్తి చూపడం అరుదు. ఒకే వీధిలోని ఎనిమిది పది సంఘాలు కలిసి ఒకేసారి కొటేషన్లు పిలిస్తే ధర విషయంలోనూ, నాణ్యత విషయంలోనూ బేరమాడే బలం వస్తుంది.

బిల్డరు మేడ హక్కులు తన దగ్గరే ఉంచుకున్నట్టు దస్తావేజుల్లో రాసుకున్న భవనాలు, పైన అనుమతి లేని పెంట్‌హౌస్ లేచిన భవనాలు ముందు ఆ తగాదా తేల్చుకోవాలి. ఇవేవీ లేని భవనంలోనూ దరఖాస్తు చివరి నిమిషంలో ఆగిపోయే సందర్భం ఒకటుంది. కామన్ మీటరు ఇప్పటికీ బిల్డరు పేరు మీదే ఉండటం. రాయితీ దరఖాస్తు చేసేది సంఘం, బిల్లు మీద పేరు మరొకరిది. పేరు మార్పుకు సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, తీర్మానం కాపీ, పాన్, బ్యాంకు ఖాతా కావాలి. ప్యానెళ్ల కొటేషన్లు అడగడానికి ముందే పోయిన నెల కామన్ బిల్లు తీసి, దాని మీద ఎవరి పేరుందో చూస్తే ఎన్నో నెలలు కలిసొస్తాయి.